వెరోనాలో ఒక నడక: ముస్సోలినీకి ఎదురు ఓటు వేసిన సొంత మనుషుల కథ

వెరోనాకు వచ్చే పర్యాటకులు చాలామంది జూలియట్ బాల్కనీ, రోమన్ల నాటి అరేనా చూసి సాయంత్రం రైలెక్కుతారు. అదే ఊళ్ళో 1944 జనవరిలో ఫాసిస్టు పార్టీ తన అగ్రనాయకులను తానే బోనులో నిలబెట్టి, మూడు రోజుల్లో విచారణ ముగించి, నాలుగో రోజు పొద్దున కాల్చి చంపింది. ఆ చోట్లన్నిటినీ కాలినడకన చూపించే టూరు ఒకటుంది. మిలాన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు వెళ్ళాను. గుంటూరు కోర్టుల్లో జీవితమంతా క్రిమినల్ కేసులు వాదించినవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా అక్కడ ఎవరిని ఎలా విచారించారో తెలుసుకోవాలనిపిస్తుంది. ఈ నడక నడిపేది ఒక రిటైరైన చరిత్ర ఉపాధ్యాయిని. తన పేరు రాయవద్దన్నారు కాబట్టి మేడమ్ అనే అంటాను.

ముందే చెబుతున్నాను, ఇది తప్పక వెళ్ళదగిన నడక. నియంతను ఎదిరించారు కదా అని ఆ పార్టీ పెద్దలను వీరులను చేయదు. చివరికి చంపేశారు కదా అని వాళ్ళు చేసినవన్నీ మాఫీ చేయదు. ఈ విషయంలో ఇంత నిక్కచ్చిగా మాట్లాడే గైడ్ దొరకడం అరుదు. లోపాలూ ఉన్నాయి, అవీ రాస్తాను.

నడక పోర్తా నువోవా రైల్వే స్టేషను దగ్గరి పాత నగర ద్వారం కింద మొదలవుతుంది. మనిషికి 25 యూరోలు. మూడు గంటలని చెప్పారు గాని, ప్రశ్నలు వేసేవాళ్ళుంటే ఇంకో అరగంట పడుతుంది. ఇంగ్లీషులో ఒక రోజు, ఇటాలియన్‌లో ఒక రోజు ఉంటుంది. బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. మేడమ్ ఇంగ్లీషు నిదానంగా, స్పష్టంగా ఉంటుంది. చెవికి తగిలించుకునే చిన్న రేడియో సెట్టు ఇస్తారు. పెద్ద రోడ్డు మీద వాహనాల రొదలో అది గరగరమని సగం మాటలు మింగేసింది. ఆ సెట్టు తీసేసి ఆమె పక్కనే నడవడం మేలు.

మొదట్లోనే మేడమ్ తలా ఒక కాగితం చేతిలో పెట్టారు. ఈ మొత్తం నడకలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ కాగితమే. ముందు వైపు 28 పేర్లు, ఒక్కో పేరు పక్కన ఆ మనిషి వేసిన ఓటు. 19 మందికి ‘అవును’, 8 మందికి ‘కాదు’, ఒకరికి ఉత్త గీత. 1943 జులై 24 సాయంత్రం మొదలై తెల్లవారుజామున రెండు దాటాక ముగిసిన ఫాసిస్టు పార్టీ అత్యున్నత సభ గ్రాండ్ కౌన్సిల్ సమావేశంలో, సేనల అధిపత్యాన్ని రాజు తిరిగి తీసుకోవాలన్న తీర్మానం మీద జరిగిన ఓటింగు అది. వెనక వైపు ఆ 19 మంది తరవాత ఏమయ్యారో ఒక్కో వాక్యంలో ఉంది. సాక్ష్యాల జాబితా చదివినట్టు చదువుకున్నాను. దీనో గ్రాందీ, తీర్మానం రాసినవాడు, ఆగస్టులోనే పోర్చుగల్ వెళ్ళిపోయాడు. జుసెప్పె బొత్తాయ్ మారుపేరుతో ఫ్రెంచి ఫారిన్ లెజియన్‌లో చేరి జర్మన్ల మీద పోరాడాడు. అల్‌ఫ్రేదో దె మార్సికో, ఆనాటి న్యాయశాఖ మంత్రి, వృత్తిరీత్యా పేరున్న క్రిమినల్ లాయరు. అతనికీ పరోక్షంలోనే మరణశిక్ష పడింది. ఆ పేరు దగ్గర కాసేపు ఆగిపోయాను. నేరశిక్షా శాస్త్రం క్షుణ్ణంగా తెలిసిన మనిషి కూడా అన్నేళ్ళు ఆ బల్ల చుట్టూ కూర్చున్నాడన్నమాట.

మొదటి మజిలీ ఐఎన్‌ఏ అనే బీమా సంస్థ భవనం ముందు. జర్మన్ భద్రతా పోలీసులకు ఇటలీలో ప్రధాన కార్యాలయం అదే. ఇక్కడ మేడమ్ జులై కథంతా చెబుతారు. కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా నేనూ చెబుతాను. జులై 10న మిత్రరాజ్యాల సేనలు సిసిలీలో దిగాయి. 19న రోమ్ మీద బాంబులు పడ్డాయి. శాన్ లొరెన్‌జో పేట నేలమట్టమైంది. ఆ సమయానికి ముస్సోలినీ ఉత్తరాన ఫెల్‌త్రె దగ్గర హిట్లర్ ముందు కూర్చుని అతని ఉపన్యాసం వింటున్నాడు. యుద్ధం ఓడిపోయామని అందరికీ తెలుసు. ముఖం మీద చెప్పే చోటు మాత్రం ఎవరికీ లేదు. గ్రాండ్ కౌన్సిల్ 1939 డిసెంబరు తరవాత ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. యుద్ధంలోకి దిగాలా వద్దా అన్నది కూడా ఆ సభ ముందుకు రాలేదు. 1928లో చట్టం చేసి రాజ్యాంగ సంస్థగా మార్చిన సభకు ఆ గతి పట్టింది.

ఇక్కడ మేడమ్ ఒక మంచి పని చేస్తారు. గ్రాందీ తీర్మానాన్ని ఇంగ్లీషులో నెమ్మదిగా, మొత్తం చదివి వినిపిస్తారు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. దస్తావేజు రాయడంలో చేయి తిరిగిన మనిషి రాసిన కాగితం అది. పోరాడుతున్న సైనికులకు వందనాలు ఉన్నాయి. రాజ్యాంగ సంస్థలన్నీ తమ తమ బాధ్యతలను తిరిగి చేపట్టాలని ఉంది. రాజ్యాంగ శాసనం 5వ అధికరణం ప్రకారం సేనల అధిపత్యాన్ని రాజు మళ్ళీ చేతుల్లోకి తీసుకోవాలని ఉంది. ముస్సోలినీ దిగిపోవాలన్న మాట ఎక్కడా లేదు. యుద్ధం ఆపాలని లేదు. జైళ్ళలో మగ్గుతున్న ప్రత్యర్థుల ఊసు లేదు. 1938 జాతి చట్టాల కింద బళ్ళ నుంచి, ఉద్యోగాల నుంచి గెంటివేసిన యూదుల ఊసు లేదు. ఆ గెంటివేతను విద్యామంత్రిగా దగ్గరుండి అమలు జరిపిన బొత్తాయ్ ఆ తీర్మానానికి ‘అవును’ అన్నవారిలో ఒకడు. ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీసుకోవడానికి వీలుగా రాశారు గనకనే 19 చేతులు దొరికాయి. ఆ చేతుల్లో కొన్నిటికి తాము దేనికి ఓటు వేస్తున్నామో పూర్తిగా తెలియదని నా నమ్మకం. మేడమ్ కూడా దాదాపు అదే అన్నారు.

‘కాదు’ అన్న 8 మందిని కూడా ఒక ముద్దగా చూడకూడదు. రొబెర్తో ఫారినాచ్చి సంగతి తీసుకోండి. అతనికీ నాయకుడి మీద అసంతృప్తే, కాని జర్మనీతో ఇంకా గట్టిగా నడవాలన్నది అతని పట్టు. సొంత తీర్మానం వేరే తెచ్చుకున్నాడు. అంటే ఆ రాత్రి నియంతకు ఎదురు చెప్పినవాళ్ళు రెండు దిక్కుల నుంచి ఉన్నారు. ఈ సంగతి మేడమ్ చెప్పలేదు, అడిగితే ఒప్పుకున్నారు. ఎనిమిది మంది గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టడం ఈ నడకలో నాకు నచ్చని వాటిలో ఒకటి.

ఆ మర్నాడు, 25 సాయంత్రం, ముస్సోలినీ ఎప్పటిలాగే రాజును కలవడానికి వెళ్ళాడు. అక్కడే పదవి పోయింది, అంబులెన్సులో ఎక్కించి నిర్బంధానికి తీసుకుపోయారు. సెప్టెంబరు 12న జర్మన్లు గ్రాన్ సాస్సో కొండ మీది నుంచి అతన్ని విడిపించారు. గార్దా సరస్సు ఒడ్డున జర్మన్ల నీడలో కొత్త ప్రభుత్వం పెట్టాడు. దక్షిణాన అదే నెలలో మన 8వ ఇండియన్ డివిజన్ తారాంతో రేవులో దిగింది. ఇక ప్రతీకారానికి వేళయింది.

అక్కడి నుంచి స్కాల్‌త్సి వీధికి నడక. ఒకప్పటి కార్మెలైట్ సన్యాసుల మఠం జైలుగా మారింది. ఆ 19 మందిలో పట్టుబడిన ఆరుగురినీ అందులోనే ఉంచారు. గలెయాజ్జో చానో ముస్సోలినీ అల్లుడు, 1936 నుంచి 1943 ఫిబ్రవరి వరకు విదేశాంగ మంత్రి, 27వ నంబరు గదిలో ఉన్నాడు. ఈ నడకలో నాకు విసుగు పుట్టించిన చోటు ఇదొక్కటే. చానో భార్య ఎద్దా తండ్రితో తగవుపడటం, భర్త డైరీలు పట్టుకుని జనవరి 9న స్విట్జర్లాండ్ సరిహద్దు దాటడం, జర్మన్లు గూఢచారిగా పెట్టిన ఫ్రావ్ బేత్స్ అనే యువతి చానో పక్షాన చేరిపోవడం, డైరీలిస్తే ప్రాణం దక్కుతుందన్న బేరం హిట్లర్ ఆజ్ఞతో తెగిపోవడం. అన్నీ నిజాలే, అన్నీ ఆసక్తికరమే. కాని జైలు దగ్గర గడిపిన సమయమంతా దానికే పోయింది. లుచానో గొత్తార్ది, కార్లో పరేస్కి అనే ఇద్దరు కూడా అదే జైలులో ఉన్నారు, అదే పొద్దున చనిపోయారు. ఒకడు పారిశ్రామిక కార్మిక సమాఖ్య అధ్యక్షుడు, ఇంకొకడు వ్యవసాయ మంత్రి. వాళ్ళకు మామగారు లేరు, డైరీ లేదు, విదేశాల్లో ప్రచురణకర్తలు లేరు. వాళ్ళ పేర్లు ఆ కాగితం మీద తప్ప ఆమె నోట వినపడలేదు. చనువు తీసుకుని ఆ మాట మేడమ్‌తో అన్నాను. ‘నిజమే, అందరూ చానో గురించే అడుగుతారు’ అన్నారు. అడిగింది చెప్పడమే గైడ్ పని కాదని నా అభిప్రాయం.

కాస్తెల్‌వెక్కియో కోటకు చేరేసరికి నడక ప్రాణం పోసుకుంది. 14వ శతాబ్దపు ఎర్ర ఇటుకల కోట, ఇప్పుడు మ్యూజియం. ఫాసిస్టు పార్టీ కొత్త అవతారం 1943 నవంబరు 14న ఇక్కడే మహాసభ జరుపుకుంది. యూదులు విదేశీయులని, యుద్ధం సాగినంత కాలం శత్రుజాతి వారని ఆ సభ ఆమోదించిన ప్రణాళిక 7వ అంశంలో రాసుకున్నారు. సభ నడుస్తుండగా ఫెర్రారా జిల్లా పార్టీ నాయకుణ్ణి ఎవరో చంపారన్న వార్త వచ్చింది. సభ నుంచి మనుషులు బయలుదేరారు. మర్నాడు తెల్లవారేసరికి ఫెర్రారాలో 11 మంది పౌరులను చంపారు. ఇదంతా చెప్పేటప్పుడు మేడమ్ గొంతు మారలేదు గాని, ఆమె మా అందరి ముఖాల్లోకీ ఒక్కొక్కరినే చూస్తూ చెప్పారు. చానో గారి తలను కోరిన సభే ఆ 11 మంది ప్రాణాలు కూడా తీసిందని, ఈ రెండింటినీ విడదీసి చెప్పేవాళ్ళను నమ్మవద్దని అన్నారు. ఈ ఒక్క మాటకే నా 25 యూరోలు చెల్లిపోయాయి.

విచారణ జనవరి 8 నుంచి 10 దాకా ఈ కోటలోనే జరిగింది. వృత్తి వల్ల నేను ఇక్కడ ఎక్కువసేపు నిలబడ్డాను, ఎక్కువ ప్రశ్నలు వేశాను. నేను వకీలునని తెలిశాక మేడమ్ నన్ను ‘అవ్వొకాతో’ అని పిలుస్తూ ఓపిగ్గా జవాబిచ్చారు.

అభియోగం ఏమిటి? జులై 24 సమావేశంలో వేసిన ఓటు. ఏ చట్టం కింద? ఆ ఓటు పడిన నాలుగో నెలలో, ఆ ఒక్క సమావేశాన్నే తేదీతో సహా పేర్కొని, దానికి మరణశిక్ష నిర్ణయించి తెచ్చిన శాసనం కింద. మన రాజ్యాంగం 20వ అధికరణం మొదటి క్లాజు దీన్నే నిషేధిస్తుంది: చేసిన నాటికి నేరం కాని పనికి తరవాత చట్టం తెచ్చి శిక్షించడానికి వీల్లేదు. పైగా ఆ ఓటు చట్టసమ్మతమైన సభలో, సభ్యులుగా వాళ్ళకున్న హక్కుతో, అధ్యక్ష స్థానంలో ముస్సోలినీయే కూర్చుని ఓటింగుకు అనుమతించగా పడిన ఓటు. తీర్మానం నకలు అతనికి ముందే చేరింది. ఇందులో కుట్ర ఎక్కడిది? కుట్ర అనిపించడానికి ప్రాసిక్యూషన్ తెచ్చినది మార్షల్ కావల్లేరో రాసిన వాంగ్మూలం. ఆ కావల్లేరో సెప్టెంబరులోనే చనిపోయాడు. బోనెక్కించి క్రాస్ ఎగ్జామినేషన్ చేయడానికి మనిషే లేడు. న్యాయమూర్తులంతా పార్టీ ఏరి కూర్చోబెట్టిన పార్టీ మనుషులు. ఇలాంటి రికార్డు మన సెషన్స్ కోర్టు ముందుకు వస్తే మొదటి వాయిదాకే కేసు కొట్టివేయమని వాదించేవాణ్ణి.

ముద్దాయిల వాదనలు వింటే బాధ కలుగుతుంది. ‘నియంతృత్వం తప్పు, అందుకే ఎదిరించాను’ అన్నవాడు ఒక్కడూ లేడు. నాయకుడికి ద్రోహం తలపెట్టలేదని, తీర్మానంతో అంత జరుగుతుందని అనుకోలేదని చెప్పుకున్నారు. జొవాన్ని మరినెల్లీ తనకు వినికిడి తక్కువని, ఆ రాత్రి చర్చ సరిగా వినపడలేదని అన్నాడు. తుల్లియో చానెత్తి ఓటు వేసిన మర్నాడే ముస్సోలినీకి ఉత్తరం రాసి తన ఓటు వెనక్కి తీసుకున్నాడు. ఆ ఉత్తరం అతని ప్రాణం కాపాడింది, 30 ఏళ్ళ జైలుతో బయటపడ్డాడు. మిగతా అయిదుగురికీ, దొరకని పదముగ్గురికీ మరణశిక్ష.

ఈ నడక మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడ చెప్పాలి. కథ 1943 జులైలో మొదలవుతుంది, అప్పటిదాకా ఆ పార్టీలో ఎవరూ నోరెత్తనట్టు. నిజం అది కాదు. 1921 వేసవిలో సోషలిస్టులతో ముస్సోలినీ శాంతి ఒప్పందం చేసుకుంటే పార్టీలో తిరుగుబాటు లేచింది. లేపినవాళ్ళలో ముందున్నది బొలోన్యాకు చెందిన ఇదే గ్రాందీ. ఒప్పందం వద్దు, కార్మిక సంఘాల మీద, రైతు సంఘాల మీద కర్రలతో పడే దండులను ఆపవద్దు అన్నది వాళ్ళ పట్టు. ముస్సోలినీ తలొగ్గాడు. 1924 డిసెంబరు 31న ఫాసిస్టు సాయుధ దళమైన మిలీషియా అధికారులు గుంపుగా ముస్సోలినీ గదిలోకి వెళ్ళి నిలదీశారు. సోషలిస్టు ఎంపీ మత్తెయోత్తి హత్యతో ప్రభుత్వం ఊగుతోంది, గట్టిగా కొట్టు, లేకపోతే మేమే చూసుకుంటాం అన్నది దాని సారాంశం. మూడు రోజులకు, 1925 జనవరి 3న, పార్లమెంటులో ముస్సోలినీ బాధ్యతంతా తనదేనని ప్రకటించాడు. నియంతృత్వం అధికారికంగా అక్కడి నుంచే మొదలైంది. అంటే 1943కు ముందు ఆ పార్టీలో నెగ్గిన అసమ్మతి రెండుసార్లూ మరింత హింసనే కోరింది. ఇది తెలియకుండా జులై రాత్రి గ్రాందీ లేచి మాట్లాడిన దృశ్యం వింటే అతడు ప్రజాస్వామ్యవాదిలా కనిపిస్తాడు.

మత్తెయోత్తి పేరు ఎత్తాను కాబట్టి ఇదీ చెబుతాను. 1924 జూన్ 10న ఆ సోషలిస్టు ఎంపీని రోమ్ వీధిలో ఎత్తుకుపోయి చంపినప్పుడు పోలీసు అధిపతి ఎమీలియో దె బోనో. ఆ కేసులో అరెస్టయిన పార్టీ కోశాధికారి మరినెల్లీ. ఇద్దరూ ఆనాడు తప్పించుకున్నారు. వెరోనాలో కాల్చి చంపిన అయిదుగురిలో ఆ ఇద్దరూ ఉన్నారు. ఈ సంగతి కాగితం మీద లేదు, ఉండి తీరాలి. అలాగే ఉండాల్సింది ఇంకొకటి: 1938 అక్టోబరులో జాతి చట్టాలు గ్రాండ్ కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పిన కొద్దిమందిలో బాల్బో, ఫెదెర్‌జోనీతో పాటు ఈ దె బోనో కూడా ఉన్నాడు. ఇథియోపియా మీద దండయాత్రను 1935లో మొదలుపెట్టి నడిపించినవాడూ అతడే. అన్నీ ఒకే మనిషి ఖాతాలో ఉన్నాయి. అన్నిటినీ కలిపి చూపించాలి.

ఇంకో మాట కూడా అడిగాను. 1926లో ఈ పార్టీయే ప్రత్యర్థుల కోసం ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టింది. 1928లో కమ్యూనిస్టు నాయకుడు గ్రామ్షీకి ఇరవై ఏళ్ళు పైబడిన శిక్ష వేసింది ఆ ట్రిబ్యునలే. మన దగ్గర గ్రామ్షీ పేరు చదువుకున్న ప్రతి కార్యకర్తకూ తెలుసు. ఆ శిక్షలు పడుతున్నన్నాళ్ళూ ఈ కోటలో నిలబడిన ఆరుగురిలో ఎవరైనా ఒక్క అభ్యంతరం రికార్డు చేశారా? మేడమ్ తల అడ్డంగా ఊపారు. తరవాత మిగతా బృందాన్ని ఆపి, నా ప్రశ్నను, తన జవాబును వాళ్ళకు కూడా చెప్పారు. ప్రశ్నకు అంత గౌరవమిచ్చే గైడ్ ఆమె.

కోట నుంచి చివరి మజిలీ సాన్ ప్రోకొలో కోట దాకా నడక దూరం. నావంటి వయసువాళ్ళకు వేగం ఎక్కువ, మధ్యలో కూర్చునే చోటు లేదు, మూత్రశాల కాస్తెల్‌వెక్కియో దగ్గరే చూసుకోవాలి. ఆస్ట్రియా పాలన నాటి చిన్న దుర్గం అది, అక్కడి తుపాకీ శిక్షణ మైదానంలోనే కాల్చారు. దారి పొడవునా మేడమ్ జనవరి 10 రాత్రి సంగతి చెప్పారు. మొత్తం నడకలో ఆమె అత్యుత్తమంగా చెప్పిన భాగం ఇదే. క్షమాభిక్ష ఫైళ్ళ వెంట తిరిగినవాణ్ణి కాబట్టి నాకు అది ఇంకా గుచ్చుకుంది.

తీర్పు మధ్యాహ్నం వచ్చింది. అయిదుగురూ క్షమాభిక్ష కోరుతూ పిటిషన్లు పెట్టారు. చానో మొదట ఒప్పుకోలేదు, చివరికి సంతకం చేశాడు. ఇక ఆ పిటిషన్ల మీద నిర్ణయం ఎవరిది? పార్టీ కార్యదర్శి పవొలీనీ వాటిని పట్టుకుని రాత్రంతా తిరిగాడు. ప్రాంతీయ సైనికాధికారి జనరల్ పియాత్తి దల్ పొజ్జో తిరస్కరణ మీద సంతకం చేయనన్నాడు. న్యాయశాఖ మంత్రి పిజెంతి, అవి ముస్సోలినీకే పంపాలని చెప్పాడు. ముస్సోలినీకి పంపడమే పవొలీనీకి ఇష్టం లేదు, మెత్తబడతాడేమోనని భయం. తెల్లవారే సరికి వెరోనాలోనే ఉన్న వియానీనీ అనే మిలీషియా అధికారి మీద ఒత్తిడి తెచ్చారు. అతడూ వెనకాడాడు. పై నుంచి ఆజ్ఞ తెచ్చి అతని చేత సంతకం పెట్టించారు. మరణశిక్ష పడిన అయిదుగురు ఆ రాత్రంతా స్కాల్‌త్సి జైలులో, జైలు పాదిరీ దోన్ కియోత్ తోడుగా, జవాబు కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ళ కాగితాలు ఎవరి బల్ల మీదా నిలవకుండా ఊరూరా తిరుగుతున్నాయి.

పిటిషన్లు ముస్సోలినీ చేతికి రాలేదు గనక బాధ్యత అతనిది కాదనే వాదన ఒకటి ఇటలీలో ఇప్పటికీ వినిపిస్తుందట. మా బృందంలోనే ఒక యువకుడు ఆ మాట అన్నాడు. మేడమ్ జవాబు చెప్పేలోగా నేనే కల్పించుకున్నాను. ఆ ట్రిబ్యునల్ ఎవరి ప్రభుత్వం పెట్టింది? తీర్పు మధ్యాహ్నమే వచ్చింది, అతను అక్కడికి కారులో వెళ్ళేంత దూరంలో, గార్దా సరస్సు ఒడ్డున గార్ఞానోలో ఉన్నాడు, బల్ల మీద ఫోను ఉంది. పిటిషన్ రాకపోతే క్షమించకూడదని ఏ చట్టంలో ఉంది? తన మనవళ్ళ తండ్రి సంగతి అడగకుండా రాత్రి గడిపినవాడికి కాగితం అందలేదన్న సాకు చెల్లదు. మేడమ్ నవ్వకుండా, ‘అవ్వొకాతో చెప్పినదానికి నేను చేర్చేదేమీ లేదు’ అన్నారు.

జనవరి 11 పొద్దున తొమ్మిది దాటాక అయిదుగురినీ కుర్చీలకు కట్టి, వీపు తుపాకీల వైపు తిప్పి కూర్చోబెట్టారు. దె బోనోకు 77 ఏళ్ళు. 1922లో రోమ్ మీదికి నడిచిన ఊరేగింపుకు నలుగురు సారథుల్లో అతడొకడు. చానోకు 40. చానో చివరి క్షణంలో మెడ తిప్పి ఎదురుగా చూశాడు. ఇదంతా ఫొటోలు, ఫిల్మ్ తీసి పెట్టుకున్నారు. మేడమ్ ఆ ఫొటోలు తన దగ్గర ఉన్నా చూపించరు. పిల్లలతో వచ్చేవాళ్ళకు ఇది తెలిస్తే మంచిది. అయినా పన్నెండేళ్ళ లోపు పిల్లలను తీసుకురావద్దనే నా సలహా; మూడు గంటలు వాళ్ళకు బరువు.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది రేడియో సెట్టు కోసం కాదు. గొత్తార్ది, పరేస్కిల గురించి మౌనం, 1921ని, 1924ని వదిలేయడం, ఈ రెండూ సరిదిద్దితే ఇలాంటి నడక ఇంకోటి ఉండదు. ఈ మాటలే మేడమ్‌కు మెయిల్ రాశాను. కాగితం వెనక మత్తెయోత్తి హత్య సంగతి చేరుస్తానని జవాబిచ్చారు. మిగతావి ఇంకా చెప్పలేదు.

మిలాన్ సెంట్రల్ నుంచి వేగంగా పోయే రైలులో గంటకు కాస్త పైన పడుతుంది, కాబట్టి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. నడకలో కాస్తెల్‌వెక్కియో లోపలికి టికెట్ కలిపి ఉండదు. మ్యూజియం చూడాలనుకునేవాళ్ళు ముందు రోజో, నడక అయ్యాకో వేరుగా పెట్టుకోవాలి. మెత్తటి బూట్లు, నీళ్ళ సీసా తప్పనిసరి. వెళ్ళేవాళ్ళు మొదట్లోనే 1921 సంగతి చెప్పమని మేడమ్‌ను అడగండి. అడిగితే కోట నుంచి సాన్ ప్రోకొలో దాకా ఆ దారంతా దానికే కేటాయిస్తానని నాతో అన్నారు.